అరిత్ర శబ్దార్థము

అమరసింహుడు వారివర్గమున 'అరిత్ర' శబ్దమునకు 'కేనిపాతకము' పర్యాయముగా చెప్పెను. అనగా చుక్కాని. తెడ్డునకు నౌకాదండము, క్షేపణి యను పేళ్లు వేఱుగా నున్నవి. అమరము కంఠస్థమైన విద్యార్థి వేదమందును అరిత్రమనగానే చుక్కాని యనుచున్నాడు, ఉపాధ్యాయుడును ఊఱకున్నాడు. ఇది సమంజసము కాదు.

ఋగ్వేద ప్రథమమండలము 116వ సూక్తమున అశ్వినులు భుజ్యుని సముద్రమునుండి గట్టెక్కించిన నౌక 'శతారిత్ర'. ఒక్క ఓడకు నూఱు చుక్కానులేల? నూఱు తెడ్లన్ననే అర్థము కుదురును. గత్యర్థకమైన 'ఋ' ధాతువునకు పాణిని (3-2-184) కరణార్థమున ఇత్రప్రత్యయమును విధించెను. కావున ఓడను నడుపు సాధనమేదైనను అరిత్రము కావచ్చును. తెడ్డా, చుక్కానియా యన్నది ప్రయోగమును బట్టి తేలవలసినదే. (చుక్కాని యన్న మాటయే అరబ్బీ 'సుక్కాను' నుండి వచ్చినదన్నది వేఱు ముచ్చట.)

కోశము కంఠస్థముగా నుండవలసినదే. కాని పరీక్షలో 'శతారిత్ర'కు నూఱు తెడ్ల నౌక యని వ్రాసిన విద్యార్థికి, అమరమునకు విరుద్ధమని మార్కులు తగ్గించుట అన్యాయము.