జ్వరం వచ్చినా క్లాసుకే... హాజరు నిబంధనే అసలు చిక్కు

2020 డిసెంబరులో మద్రాసు ఐఐటీ క్యాంపస్‌లో ఉన్నది దాదాపు 700 మంది విద్యార్థులే. మిగతావారు ఇళ్ల నుంచే పాఠాలు వింటున్నారు. అయినా నెల సగం గడిచేసరికి కరోనా కేసులు 100 దాటాయి. అన్ని హాస్టళ్లకూ ఒకే మెస్ నడపడాన్ని విద్యార్థులు తప్పుబట్టారు. ఆ తర్వాతే భోజనం ప్యాకెట్లలో గదులకు వెళ్లింది. 2021 నవంబరులో ధార్వాడ్‌ ఎస్‌డీఎం వైద్య కళాశాలలో ఒక వేడుక తర్వాత కేసులు 280 దాటాయి. వారిలో ఎక్కువమంది రెండు డోసుల టీకా వేసుకున్నవారే. టీకా వల్ల చాలామందికి లక్షణాలు స్వల్పంగానే ఉన్నాయి. వ్యాప్తి మాత్రం ఆగలేదు.

గేటు దగ్గర ఉష్ణోగ్రత చూసే పరికరం ఈ రెండింటినీ ఆపగలిగేది కాదు. లక్షణాలు కనిపించకముందే వైరస్ ఇతరులకు సోకుతుంది. తినేటప్పుడు మాస్క్ తీయక తప్పదు. తుంపరలు 2 మీటర్లలోపే రాలినా, సూక్ష్మకణాలు గాలిలో 10 మీటర్ల దాకా వెళ్లగలవని కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం 2021 మేలోనే చెప్పింది. కిటికీలు తెరవాలని, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టాలని సూచించింది. స్ప్లిట్ ఏసీ బిగించి తలుపులు మూసిన సెమినార్ హాల్లో తిరిగేది ఆ గదిలోని గాలే. కొత్త బ్లాకులు కట్టేవారికి ఈ విషయం ఇంకా పట్టినట్టు లేదు.

గాలి సంగతి ఇంజినీర్లు చూస్తారనుకున్నా, హాజరు మాటేమిటి? చాలా విశ్వవిద్యాలయాల్లో 75 శాతం తప్పనిసరి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారికి వైద్య కారణాలపై మినహాయింపు ఉంది, అదీ రుసుము కడితేనే. మూడు రోజుల ఫ్లూకి సర్టిఫికెట్ కోసం డాక్టరు దగ్గరకు పరిగెత్తేదెవరు? పారాసిటమాల్ వేసుకుని వెనక బెంచీలో కూర్చోవడమే తేలిక. ఏడాదికి కొన్ని రోజులు సర్టిఫికెట్ అడగకుండా సెలవిస్తే దుర్వినియోగం చేసేవారు ఉంటారు, నిజమే. అరవై మంది కూర్చునే గదిలో దగ్గు అంటించడంతో పోలిస్తే అది చిన్న నష్టం.

క్షయ విషయంలో ఈ మొహమాటం మరింత ప్రమాదకరం. రెండు వారాలు దాటిన దగ్గుకు పరీక్ష చేయించాలి. పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. 2024 నవంబరు నుంచి పోషకాహారానికి నెలకు రూ.1,000 ఇస్తున్నారు. కానీ జబ్బు బయటపడితే హాస్టల్ ఖాళీ చేయిస్తారన్న భయంతో విద్యార్థి నోరు విప్పకపోతే, పరీక్ష అవసరమైన రూమ్మేట్ల సంగతి వార్డెన్‌కు తెలిసే దారే లేదు.