శెట్టెమ్మకు మళ్ళీ ముఖం

దసరా దగ్గరపడేసరికి ఈ పుటలో బొమ్మల కొలువు గురించి నాలుగు మాటలు వ్రాయడం మాకు అలవాటు. ఏ మెట్టుమీద ఏ బొమ్మ పెట్టాలో, ఏ రోజు ఏ గుగ్గిళ్ళు చేయాలో మీ అందరికీ తెలిసిన సంగతే. మేము కొత్తగా చెప్పగలది లేదు. అంచేత ఈసారి మా ఇంట జరిగిన ఒక పొరపాటును ఒప్పుకొని, దాని మూలాన నేర్చుకోక తప్పని ఒక పనిని గురించి వ్రాయదలచినాము. ఆ పని, బొమ్మకు ముఖం దిద్దడం.

2023లో వినాయక చవితి వెళ్ళిన మరునాడు అటకమీది ట్రంకుపెట్టె దింపినాము. అందులో పాత ధోవతి పేలికల్లో చుట్టిన శెట్టి, శెట్టెమ్మ ఉన్నారు. బొజ్జ ముందుకు వేసుకొని అంగడి ముందర కూర్చునే శెట్టినీ, ఆయన పక్కన శెట్టెమ్మనూ కొలువుపెట్టే ఇండ్లలో ఎరగనివారుండరు. మా ఇంటి జంట వయసు మాత్రం కాస్త ఎక్కువ. మా అవ్వ 1959లో కాపురానికి వచ్చినప్పుడు వాళ్ళ నాయన కంచిలో కొని, గడ్డిలో పెట్టి, బస్సులో ఒళ్ళో ఉంచుకొని తెచ్చిన మట్టిబొమ్మలు అవి. అప్పటికి మన సూళగిరి సేలం జిల్లాలో ఉండేది. పిమ్మట 1965లో ధర్మపురి జిల్లా వచ్చింది, 2004లో కృష్ణగిరి జిల్లా వచ్చింది. జిల్లాలు మారినా శెట్టెమ్మ మా అటక విడిచిపోలేదు.

దుమ్ము పట్టి ఉందిగదా అని మాలో ఒకరు తడిగుడ్డతో ముఖం తుడిచినారు. ఎవరని అడగకండి, ఈ పుట వ్రాసే చెయ్యే అది. ఒక్క తుడుపుకు బుగ్గమీది మెరుపు పోయింది. అయ్యో అని రెండోసారి అద్దేసరికి కన్నూ, కనుబొమా, బొట్టూ గుడ్డకు వచ్చేసినాయి. పాతకాలపు మట్టిబొమ్మల రంగులు సాధారణంగా బంకనీళ్ళలో కలిపినవి. పైన పూసిన వార్నీషు ఉన్నంతకాలమే వాటికి రక్ష. అరవై ఏండ్ల రాపిడికి వార్నీషు అరిగిపోయింది. నీళ్ళు తగలగానే ఎండిన రంగు మళ్ళీ తడిరంగయింది. ఈ కారణం మాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన తెలిసింది ఒక్కటే, చేతిలోని బొమ్మకు ముఖం లేదు.

అవ్వకు చూపు తగ్గింది గాని వినికిడి బాగున్నది. గదిలో మాట ఆగిపోవడం విని, "యేమాయమ్మా? యేం పగిలె?" అని అడిగింది. పగలలేదవ్వా అన్నాము. అది నిజమే గనుక అంతటితో ఆగినాము. రెండు రోజుల తర్వాత ఆమే వచ్చి, వేళ్ళతో తడిమి, ముక్కు దగ్గర ఆగి, "వార్నీషు నున్నదనం లేదే. మన్ను తగుల్తా వుండాది" అన్నది. తిట్టలేదు. తిట్టి ఉంటే మాకు కొంత సులువుగా ఉండేది.

మా అన్నగారి కూతురు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ శనాదివారాలు ఊరికి వస్తుంది. ఆ పిల్లకు రెండేండ్లుగా ఒక వేడుక. జపాను దేశంలో మొదలైన కీళ్ళబొమ్మలు తెప్పించుకొని, వాటి ముఖాలకు తానే రంగులు దిద్దుకొంటుంది. ఈ బొమ్మలు రెజిన్‌తో పోతపోసినవి. చేతులు, కాళ్ళు, మెడ గుండ్రని కీళ్ళతో లోపల సాగే తాడుమీద నిలుస్తాయి. క్యోటోకు చెందిన వోక్స్ అనే సంస్థ 1999లో ఈ తరహా పెద్ద బొమ్మను అంగడిలోకి తెచ్చినప్పటినుంచి పలు దేశాలలో వీటిని కూడబెట్టేవారు తయారైనారు. మాకు వింతగా తోచింది ఏమంటే, చాలామంది వీటిని ముఖం దిద్దనివిగానే కొంటారు. పెట్టె తెరిస్తే బోడితల, బోసిముఖం, కండ్ల చోట రెండు రంధ్రాలు. గాజుకండ్లు వేరే పొట్లంలో ఉంటాయి. మొదటిసారి అవ్వ చేతితో తడిమి చూచి, "కండ్లు లేని దాన్ని ఇంట్లోకి యాల తెచ్చినావే పాపా? తీసి బయట పెట్టు" అన్నది. అందరం నవ్వినాము. ఇప్పుడు ఆ పాప చేతిలోనే మా శెట్టెమ్మను పెట్టినాము.

పిల్ల బొమ్మను తిప్పి చూచి, ఇది నా వల్ల కాదత్తా అన్నది. ఎందుకంటే రెజిన్ బొమ్మకు రంగు అనేది తొడుగుకొన్న చొక్కావంటిది. నచ్చకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కొన్నేండ్లకొకసారి పాత ముఖం తుడిచి కొత్తది దిద్దించుకొనే వాళ్ళూ ఉన్నారు. మట్టిబొమ్మ అట్లా కాదు. దానికి రంగే ప్రాణం, తప్పు దిద్దుకొనే అవకాశం తక్కువ. "నేర్చుకొనేవాళ్ళు తుడిస్తే పోయే దానిమీద నేర్చుకోవాలత్తా. నా బొమ్మ తీసుకో, ఎన్నిసార్లయినా పాడుచెయ్యి" అన్నది. నెల జీతంలో చెప్పుకోదగినంత పోసి కొన్న బొమ్మను ఇట్లా మా ముందు పెట్టిన మనసు మాకు ఇప్పటికీ తలపుకు వస్తుంది.

మహాలయ అమావాస్యకు కొలువు ఎత్తాలి. చేతిలో నాలుగు వారాలు కూడా లేవు.

రెజిన్ తలను మొదట సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టవలె. అచ్చునుంచి సులభంగా ఊడిరావడానికి పూసిన జిడ్డు దానిమీద ఉంటుంది, ఆ జిడ్డుమీద రంగు నిలవదు. తర్వాత మెరుపులేని సీలరును పలుచగా రెండు మూడు పూతలు చల్లవలె. నున్నని రెజిన్‌కు రంగు పట్టే గరుకు దీనితో వస్తుంది. ఈ స్ప్రే ఆరుబయట, ముక్కుకు ఆవిరులను ఆపే మాస్కు కట్టుకొని చల్లవలసినది. రెజిన్‌ను గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే ధూళి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. మేము మొదటిసారి చల్లిననాడు హోసూరు వైపునుంచి ముసురు పట్టి ఉన్నది. గాలిలో తేమ ఉంటే సీలరు తెల్లగా పొంగుతుందని పిల్ల చెప్పింది, మేము వినలేదు. బొమ్మ ముఖమంతా విభూతి పూసినట్లయింది. తుడిచి మళ్ళీ మొదలు.

బుగ్గల ఎరుపుకు పేస్టల్ సుద్దను బ్లేడుతో గీకి, ఆ పొడిని మెత్తటి కుంచెతో అద్దుతారు. కొంచెమే అద్దాలి. ఇక చాలదేమో అనిపించినచోట ఆగితే సరిపోతుందని మేము నాలుగో ప్రయత్నానికి తెలుసుకొన్నాము. ఆపైన ఒక పూత సీలరు చల్లితే చేసినంత పని భద్రమవుతుంది. పైన చేసే తప్పు కిందికి పోదు. కనుబొమలు, రెప్పగీతలు చివర.

కుంచె విషయంలో మాకు పెద్ద భ్రమ ఉండేది. సన్నగీతకు అన్నిటికన్నా చిన్న కుంచె కావాలనుకొన్నాము. అంగడిలో మూడు వెంట్రుకలున్నట్లు కనిపించేది కొన్నాము. బొమ్మ దగ్గరికి చేరేలోపలే దానిమీద రంగు ఆరిపోతుంది. కావలసింది మొన బాగున్న కుంచె. కడుపులో కాస్త రంగు పట్టుకొని, కొసన సూదిలా నిలిచేది. కొండపల్లి పనివారు మేకవెంట్రుకలతో కుంచెలు కట్టుకొంటారు. వాళ్ళు పొణికి కర్రను చెక్కి, చింతపిక్కల బంకా రంపపుపొట్టూ కలిపిన ముద్దతో అవయవాలు అతికి, తెల్లని సున్నపు పూత వేసి, ఆ తెలుపు మీద గదా రంగులు దిద్దుతారు. జపానులో మార్చి 3వ తేదీ బాలికల పండుగకు పెట్టే హినా బొమ్మల ముఖాలకు కూడా గుల్లలు నూరిన తెల్లపొడి పూతే ఆధారం. వాళ్ళూ మెట్లమీద ఎర్రగుడ్డ పరచి రాజూ రాణీ బొమ్మలు పైమెట్టున పెడతారని విని మా అవ్వ, "మనోళ్ళేనా?" అని అడిగింది.

కండ్ల దగ్గర మా అహంకారం అణిగింది. కుడికన్ను ముచ్చటగా పూర్తిచేసి ఎడమకన్ను మొదలుపెడితే, అది ఎంత ప్రయత్నించినా మొదటిదానికి అక్కగానో చెల్లెలుగానో వస్తుంది గాని కవలగా రాదు. రెండు పైరెప్పలూ ముందు గీయాలి. తర్వాత రెండు కనుపాపలు. తర్వాత రెండు చుక్కలు. ఇటు ఒకటి, అటు ఒకటి. కనుపాప పైఅంచు రెప్ప కింద కొంచెం దాగాలి, లేకుంటే బొమ్మ దయ్యాన్ని చూచినట్లు ఉంటుంది. మోచేతులు బల్లకు ఆనించి, చిటికెనవేలు బొమ్మ గడ్డానికి ఆనించి, ఊపిరి వదులుతూ గీత లాగాలి. గీసినాక బొమ్మను తలకిందులు చేసి చూడండి, లేదా అద్దంలో చూడండి. మన కన్ను అలవాటుపడి మన్నించిన వంకర అద్దంలో బయటపడుతుంది. ఇదే అద్దాన్ని సింహళంలో వేరే కారణానికి పట్టుకొంటారు. బుద్ధవిగ్రహానికి కండ్లు దిద్దే శిల్పి విగ్రహం వైపు నేరుగా చూడక, అద్దంలో చూస్తూ కుంచె ఆడిస్తాడు. ఆ తొలిచూపును మనిషి తట్టుకోలేడని నమ్మకం. మన గుళ్ళలో నేత్రోన్మీలనం కూడా అట్టి జంకుతో కూడినదే. మా మొదటి ముఖం అద్దంలో చూచుకొంటే అట్టి భయమేమీ కలగలేదు. అవ్వకు వర్ణించి చెబితే "దిష్టిబొమ్మకు బాగుంటుంది" అన్నది.

మూడు వారాల్లో ఆ రెజిన్ ముఖాన్ని ఆరుసార్లు తుడిచినాము. కోడిగుడ్ల డొల్లలమీద గీసిన కండ్లకు లెక్కలేదు. ఆరో ముఖం మంచిదని పిల్ల ఒప్పుకొన్నది. ఎడమకన్ను వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా, చూచేవారికి కోపం రాదు.

ఇక శెట్టెమ్మ. పాత ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నవల్లా అవ్వ జ్ఞాపకం, ఆనాడు ముఖం తుడిచిన గుడ్డ. ఆ గుడ్డను సిగ్గుతో ఉతక్కుండా దాచినాము, అదే మాకు అక్కరకు వచ్చింది. వెలుతురులో పరచి చూస్తే శెట్టెమ్మ మేము అనుకొన్నట్లు తెల్లగా లేదు. పసుపు కలిసిన గోధుమవన్నె. మా చిన్నప్పటినుంచి తెల్లగా కనిపించింది ఎందుకో మరి. పెదవుల ఎరుపు కుంకుమది కాదు, ఇటుకది. మన్ను ముఖాన ముక్కు, పెదవుల ఉబ్బెత్తులు అచ్చులో పడినవి పడినట్లే ఉన్నాయి. ఎడమకంటి కొస ఒక్కటి మాత్రం చెరగలేదు. చెవివైపు కొంచెం పైకి లేచిన నల్లగీత.

ముక్కుపుడక ఏ వైపు అన్నదానిమీద అవ్వకూ, ఆమె చెల్లెలికీ ఫోనులో అరగంట వాదం జరిగింది. అవ్వదే గెలుపు, బొమ్మ ఆమెది గనుక.

రంగులకు అక్రిలిక్ వాడదామా అని చాలా ఆలోచించినాము. అది ఆరితే నీళ్ళకు కదలదు, మళ్ళీ ఇట్టి తప్పు జరగదు. కాని మాకన్న చెయ్యి తిరిగినవారు రేపు ఎవరైనా దీన్ని బాగుచేయబూనితే, మా ముఖాన్ని గీకి తీయవలసివస్తుంది, దానితో మన్నూ లేస్తుంది. పాతవారు వాడినట్లే నీటికి కరిగే పోస్టరు రంగులకు కాస్త తుమ్మబంక చేర్చి వాడినాము. దీనికి ఒక చిక్కు ఉన్నది. రెండోసారి కుంచె రుద్దితే కిందిరంగు లేచివస్తుంది. పెట్టిన గీత పెట్టినట్లు వదిలేయాలి.

కండ్లు దిద్దినది అమావాస్యకు మూడు రోజుల ముందు, పగటి వెలుతురులో. చెరగని ఆ ఎడమకంటి కొసను ముట్టుకోలేదు. మా గీతను దాని దగ్గరికి తెచ్చి కలిపినాము. దానికి సరిపోయేట్లు కుడికన్ను దిద్దినాము. చెయ్యి వణకలేదని చెబితే అబద్ధం.

అవ్వ కిటికీ దగ్గర బొమ్మను ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూచింది. "ఇది ఆమె కాదు" అన్నది. మేము ఊరకున్నాము. మళ్ళీ చూచి, "ఈ కంటికొస ఆమెదే. తక్కినదంతా వేరే మనిసి. శెట్టికి చిన్న పెండ్లాము వచ్చినట్లుండాది" అని నవ్వింది. పక్కన పెడితే నిజంగా అట్లాగే ఉన్నారు. ఆయన ముఖం వార్నీషు నల్లబడి, పగుళ్ళుబారి, అరవై ఏండ్లు పైబడినట్లు. ఆమె నిన్న వచ్చినట్లు. శెట్టికి కూడా కొత్తరంగు వేద్దామా అని పిల్ల అడిగితే, "ఆయన్ను ముట్టొద్దు" అని అవ్వ గట్టిగా చెప్పింది.

ఆ యేడు కొలువులో రెజిన్ బొమ్మను కూడా చివరి మెట్టు కింద, పిల్లలు ఆవాలు మొలకెత్తించిన తోట పక్కన కూర్చోబెట్టినాము. వచ్చినవాళ్ళంతా దాన్నే చూచినారు. శెట్టెమ్మ ముఖం మారిందని ఒక్కరూ అడగలేదు.

పండుగ అయినాక బొమ్మల దుమ్మును పొడి మెత్తటి కుంచెతో దులిపి, పేలికల్లో చుట్టి పెట్టెలో సర్దినాము. శెట్టెమ్మ అడుగున ఒక చీటీ అంటించినాము: "ముఖం నీటిరంగు. 2023లో దిద్దినది. ఎడమకంటి కొస పాతది. తడిగుడ్డ తగిలించరాదు." ఆ పాతగుడ్డను కూడా మడిచి అందులోనే ఉంచినాము.