వెళ్లిపోయిన ఉద్యోగి, మిగిలిపోయిన ఖాతా

ఉద్యోగి రాజీనామా చేసి వెళ్తుంటే ఐడీ కార్డు, లాప్‌టాప్ వెనక్కి తీసుకుంటారు, ఈమెయిల్ మూసేస్తారు. డేటాబేస్ సర్వర్లో ఆ మనిషి పేరున ఉన్న యూజర్ ఖాతా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడదు. చాలాచోట్ల హెచ్ఆర్ విభాగం నుంచి డేటాబేస్ నిర్వాహకులకు (డీబీఏ) కబురే అందదు. అందినా, తీసేస్తే ఏ రిపోర్టు ఆగిపోతుందోనన్న భయంతో ‘తర్వాత చూద్దాం’ అనుకుంటారు. ఆ భయానికి కారణం ఉందని ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ ఉన్నవి రెండు పనులు. లాగిన్ మూసేయడం అదే రోజు, అదే గంటలో జరగాలి. ఖాతాను పూర్తిగా తొలగించడం నిదానంగా, లెక్క చూసుకుని చేయాలి. ఈ రెంటినీ ఒకే పనిగా చూడటం వల్ల రెండోదానికి భయపడి మొదటిదీ మానేస్తున్నాం.

మానేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు. 2021 మేలో అమెరికా తూర్పు తీరానికి ఇంధనం చేరవేసే కలోనియల్ పైప్‌లైన్ సైబర్ దాడి వల్ల కొన్నాళ్లు ఆగిపోయింది. దుండగులు లోపలికి వచ్చింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతా ద్వారా. కంపెనీ ఆ దుండగులకు 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు, చెల్లించింది. అదే ఏడాది డిసెంబరులో చెల్లింపుల సేవ క్యాష్ యాప్ మాజీ ఉద్యోగి ఒకరు, ఉద్యోగం ముగిశాక కూడా పని చేస్తున్న తన పాత అనుమతితో ఖాతాదారుల వివరాలున్న రిపోర్టులు దించుకున్నారు. ఆ సంస్థ 82 లక్షల మంది ప్రస్తుత, పాత ఖాతాదారులకు సమాచారం పంపాల్సి వచ్చింది. మొదటిది డేటాబేస్ ఖాతా కాదు కదా అనవచ్చు. వీపీఎన్ వీధి గుమ్మమైతే డేటాబేస్ బీరువా. గుమ్మం తాళమే మరిచిపోయేవాళ్లు బీరువా తాళం గుర్తుపెట్టుకుంటారని నేను నమ్మలేను.

ఇక భయం సంగతి. ఒరాకిల్‌లో యూజర్, ఆ యూజర్ స్కీమా ఒకే పేరుతో ముడిపడి ఉంటాయి. ‘డ్రాప్ యూజర్’ ఆదేశానికి ‘కాస్కేడ్’ తగిలిస్తే మనిషితోపాటు ఆ స్కీమాలోని టేబుళ్లన్నీ పోతాయి. పోస్ట్‌గ్రెస్ ఇంత కఠినంగా ఉండదు. ఆ రోల్ పేరున ఒక్క టేబుల్ ఉన్నా తీసేయనని మొరాయిస్తుంది. ముందు ‘రీఅసైన్ ఓన్డ్’తో యాజమాన్యం ఇంకొకరికి మార్చాలి, సర్వర్లో ఆ రోల్‌కి ఆస్తులున్న ప్రతి డేటాబేస్‌లోనూ విడివిడిగా మార్చాలి. మైఎస్‌క్యూఎల్ చిక్కు కంటికి కనబడదు. అక్కడ ఖాతా అంటే పేరు ఒక్కటే కాదు, ఏ యంత్రం నుంచి వస్తున్నారన్నదీ అందులో భాగమే. లోకల్‌హోస్ట్ ఖాతా తీసేసి పని అయిపోయిందనుకుంటే, అదే పేరుతో ఎక్కడినుంచైనా రాగలిగే ఖాతా పక్కనే బతికుండొచ్చు. పైగా తొలగించే సమయానికి తెరిచి ఉన్న సెషన్ దానంతటది తెగదు, దాన్ని మనమే తెంపాలి. ఆ ఉద్యోగి రాసిన వ్యూలు, ప్రొసీజర్లు మామూలుగా ఆ ఖాతా అధికారంతోనే నడుస్తాయి కనుక, ఖాతా పోయాక అవి వాడినప్పుడల్లా ఎర్రర్ ఇస్తాయి. 8.0.22 వెర్షన్ నుంచి సర్వర్ దీన్ని గమనించి అడ్డుకుంటుంది, ప్రత్యేక అధికారం ఉన్నవారినైతే హెచ్చరించి వదులుతుంది. ఇన్ని మెలికలున్నప్పుడు డీబీఏ జంకడంలో వింతేమీ లేదు. అయితే ఇవన్నీ తొలగించడంలో ఉన్న మెలికలు. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో ఖాతాకు లాక్ వేసినా, పోస్ట్‌గ్రెస్‌లో రోల్‌ని ‘నోలాగిన్’ చేసినా టేబుళ్లు కదలవు, వ్యూలు ఆగవు. పొరపాటైతే నిమిషంలో తిరిగి తెరవొచ్చు.

ఖాతా తీసేస్తే పాత లావాదేవీలు ఎవరు చేశారో తేల్చలేమని ఆడిటర్లు అంటారు. నిజమే, కానీ ఆ చరిత్రను దాచాల్సింది లాగ్ ఫైళ్లలో. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాల్సిందే. లాక్ వేసిన ఖాతాలు గుట్టగా పేరుకుపోతాయన్నది దీనికంటే బలమైన అభ్యంతరం. అందుకే లాక్ వేసిన రోజే తొలగించే తేదీ కూడా రాసుకోవాలి. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్, వాడకంలో లేని ఖాతాలను 90 రోజుల్లో తీసేయమని లేదా నిలిపేయమని చెబుతోంది, వెళ్లిపోయినవారి అనుమతి వెంటనే రద్దు చేయమంటోంది. చిన్న ఆఫీసుల్లో అందరికీ ఒకే లాగిన్, తీసేయడానికేముంది అనేవారూ ఉన్నారు. ఆ పద్ధతిలో ఒక మనిషి వెళ్లినప్పుడల్లా పాస్‌వర్డ్ మార్చాలి, దానిమీద నడిచే ప్రతి ప్రోగ్రాంలోనూ మార్చాలి. ఆ పని ఎవరూ చేయరు. డేటాను తగినంత జాగ్రత్తగా కాపాడని సంస్థకు 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న ఆఫీసైనా ఇది లెక్కలోకి తీసుకోవాల్సిందే.

మెలికలకు మూలం మాత్రం ఉద్యోగి వెళ్లిన రోజున పుట్టదు, చేరిన రోజునే పుడుతుంది. కొత్తగా వచ్చినవారు తమ సొంత ఖాతాతో టేబుల్ సృష్టిస్తారు, రాత్రిపూట నడిచే జాబ్‌ని కూడా దాని మీదే పెడతారు. టేబుళ్లు, వ్యూలు, జాబులు ఎవరూ నేరుగా లాగిన్ కాని ఒక ఉమ్మడి రోల్ పేరున ఉండి, మనుషులకు అందులోంచి అవసరమైనంత అనుమతే దక్కితే, వ్యక్తి ఖాతా వెనక అంటిపెట్టుకునేది ఏదీ ఉండదు. ఇప్పటికే చిక్కుపడ్డ సర్వర్లలో దీన్ని ఒక్క రాత్రిలో సరిచేయలేం. ఈ నెల ఎవరు వెళ్తున్నారో వారి టేబుళ్లతో మొదలుపెట్టొచ్చు, నోటీసు పీరియడ్‌లో ఉండగానే, ఏది ఎందుకు రాశారో అడిగితే చెప్పడానికి మనిషి ఎదురుగా ఉన్నప్పుడే.