‘షాక్’ ఇచ్చే సైకిల్

సైకిల్‌కి మూడు, నాలుగు లక్షలా! అని నోరెళ్లబెట్టకండి. ముందూ వెనకా షాకబ్జార్బర్లుండే మేలురకం ట్రయల్ బైకుల ధరలు అలాగే ఉంటాయి మరి. కొనేముందు ఓ చిన్న పరీక్ష. వెనక షాక్ మీదుండే రబ్బరు రింగును సీలు దాకా నెట్టి, సీటుమీద కూర్చుని మెల్లగా దిగాలి. షాక్ కదిలే పొడవులో రింగు 25-30 శాతం జరిగితే గాలి సరిపోయినట్టే. ఇంకా జరిగిందా... మరికాస్త గాలి కొట్టాలి.

పటాన్‌చెరుకు దగ్గర్లోని కొల్లూరు నుంచి నార్సింగికి ఔటర్ వెంట 2023లో వచ్చిన సోలార్ కప్పు ట్రాక్ మీద తిరిగేవాళ్లకు మాత్రం ఇది దండగే. నున్నటి దారిలో తొక్కే బలం కొంత షాక్‌లే మింగేస్తాయి. రాళ్ల గుట్టలు దిగేవాళ్లకే దీని సుఖం తెలిసేది. రాక్‌షాక్స్ ఫోర్కులైతే 50 గంటల తొక్కుడుకోసారి కింది భాగం విప్పి నూనె మార్చాలి. పంక్చర్ల షాపులో అయ్యే పని కాదది!