నక్షత్ర చిత్రణకు ఎన్ని సాధనాలు కావాలి?

ఆకాశాన్ని ఫోటో తీయవలెనన్న కోరిక నేడు పాఠశాలలలో కూడా పొడసూపుతున్నది. సైన్సు సంఘం పక్షాన పిల్లలను ఒక రాత్రి ఊరి బయటకు తీసుకొనిపోయి, పాలపుంతను చూపి, చిత్రించుకొని రావలెనని తలచే ఉపాధ్యాయులు అక్కడక్కడ కనబడుతున్నారు. ఇది ఎంతయు హర్షింపదగిన విషయం. కాని ఈ ఉత్సాహానికి తొలి మెట్టులోనే ఒక అవరోధం ఎదురవుతున్నది. అంగడిలోని వస్తువుల పట్టికే ఆ అవరోధం. ఏ కెమెరా, ఏ లెన్సు, ఏ టెలిస్కోపు, ఎంత ధర అన్న విచారణలో పడి పలువురు ఆకాశం మాటే మరచిపోతున్నారు.

దీని ఫలితం రెండు విధాలుగా ఉంటున్నది. డబ్బు లేని పాఠశాల, ఇది తన వల్ల అయ్యే పని కాదని విరమించుకొంటుంది. కొద్దో గొప్పో నిధి ఉన్న పాఠశాల ఆ నిధినంతా ఒక టెలిస్కోపు మీద వెచ్చించి, దానిని నడిపే విధం తెలియక బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. రెండు చోట్లా నష్టపోయేవారు పిల్లలే. పదమూడేళ్ళ వయస్సులో చీకటి ఆకాశం కింద ఒక రాత్రి గడిపే అవకాశం రాకపోతే, పట్టణ దీపాల వెలుగులో గడచే తరువాతి జీవితంలో అది వస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి సాధనాల ఎంపికను కేవలం బజారు బేరంగా చూడరాదు. అది విద్యకు సంబంధించిన విషయం. ఇందులో అనుసరింపదగిన సూత్రం ఒక్కటే. ఎవరో వాడి వదలిన కెమెరా ఒకటి, 50 మి.మీ. లెన్సు ఒకటి, కదలని ముక్కాలి స్టాండు ఒకటి – ఈ మూడూ మొదటి సంవత్సరానికి చాలును. అంతకు మించినది అనవసరమే గాక, యాత్ర ఉద్దేశానికే చెరుపు.

ఇది పేదరికానికి చెప్పుకొనే ఓదార్పు అని ఎవరూ అనుకోనక్కరలేదు. ఖగోళ చిత్రణ చరిత్రే దీనికి సాక్ష్యం. 1850 జులైలో అమెరికాలోని హార్వర్డు వేధశాలలో విలియం బాండ్, జాన్ ఆడమ్స్ విపుల్ అనువారు 15 అంగుళాల టెలిస్కోపుతో అభిజిత్ నక్షత్రాన్ని ఫలకం మీదికి దింపినారు. సూర్యుడు గాక వేరొక నక్షత్రానికి తీసిన మొదటి ఫోటో అదే. అయితే పాలపుంత సొగసును చిత్రాలలో లోకానికి చూపినవాడు ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్. 1857లో నాష్‌విల్ పట్టణంలో నిరుపేద కుటుంబంలో పుట్టి, తొమ్మిదవ ఏటనే ఫోటో స్టూడియోలో పనికి కుదిరిన ఈయనకు చిన్ననాట బడి చదువు దాదాపు లేదు. స్వయంకృషితో ఎదిగి, కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో ఉద్యోగం సంపాదించినాడు. అప్పటికి ప్రపంచంలోని లెన్సు టెలిస్కోపులలోకెల్ల పెద్దదైన 36 అంగుళాల టెలిస్కోపు అక్కడనే ఉన్నది. అయినను 1889లో పాలపుంతను చిత్రించడానికి ఆయన ఎన్నుకొన్నది, స్టూడియోలలో మనుష్యుల ముఖచిత్రాలు తీయడానికి వాడే ఒక పాత లెన్సును. విల్లార్డ్ లెన్సు అని పేరుపొందిన దాని వ్యాసం 6 అంగుళాలు, నాభ్యంతరం సుమారు 31 అంగుళాలు. పెద్ద టెలిస్కోపు ఆకాశంలో పిడికెడు చోటును మాత్రమే చూడగలదు. ఈ లెన్సు నక్షత్ర మేఘాలను మొత్తంగా పట్టుకొన్నది. 1892 సెప్టెంబరులో ఆయన 36 అంగుళాల టెలిస్కోపుకు కన్ను ఆనించి గురుగ్రహపు అయిదవ ఉపగ్రహాన్ని కనుగొన్నాడు. అక్టోబరులో విల్లార్డ్ లెన్సుతో తీసిన ఫలకం మీద ఒక తోకచుక్కను కనుగొన్నాడు. ఏ పనికి ఏ సాధనమో ఎరిగినవాని చేతిలో పిట్ట కొంచెమైనా కూత ఘనమే.

పెద్ద లెన్సు అన్ని వేళలా మేలు చేయదనడానికి కారణం భూభ్రమణంలోనే ఉన్నది. భూమి 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. అనగా నక్షత్రాలు గంటకు సుమారు 15 డిగ్రీల వంతున కదలుతున్నట్లు కనబడతాయి. లెన్సు నాభ్యంతరం ఎంత హెచ్చైతే ఆ కదలిక అంత పెద్దదిగా చిత్రంలో పడి, చుక్క గీతగా మారుతుంది. దీనికి ఔత్సాహికులు ఒక లెక్క కట్టినారు. 500 అనే సంఖ్యను నాభ్యంతరంతో భాగిస్తే, చుక్క గీత కాకుండా ఎన్ని సెకన్లు లెన్సును తెరచి ఉంచవచ్చునో తెలుస్తుంది. సాధారణ డిజిటల్ కెమెరాలలో సెన్సారు పాత 35 మి.మీ. ఫిల్ము కన్న చిన్నది కాబట్టి, నాభ్యంతరాన్ని ముందుగా 1.5తో గుణింపవలెను. ఆ ప్రకారం 18 మి.మీ. లెన్సుకు 18 సెకన్లు, 50 మి.మీ. లెన్సుకు 6 సెకన్లు, 300 మి.మీ. లెన్సుకు ఒక్క సెకను వస్తుంది. నేటి సెన్సార్లు సూక్ష్మమైనవి గనుక 500కు బదులు 300 పెట్టుకోవడం మేలు. అప్పుడు 50 మి.మీ. లెన్సుకు 4 సెకన్లే. పొడవాటి లెన్సు కొన్నవారికి ఆ రాత్రి దక్కేది ఎంతో ఈ చిన్న భాగహారమే చెప్పుతున్నది. ఎనిమిదవ తరగతి విద్యార్థి వేయగల లెక్కను వేయకుండా వేలకు వేలు ఖర్చుపెట్టడం వివేకం కాదు.

ఇక 50 మి.మీ. లెన్సునే ఎందుకు కోరవలెను? దాని మీద ఉండే ఎఫ్ 1.8 అన్న గుర్తులోనే సమాధానం ఉన్నది. 50ని 1.8తో భాగిస్తే కాంతి ప్రవేశించే ద్వారపు వ్యాసం తెలుస్తుంది. అది సుమారు 28 మి.మీ. చీకటిలో బాగుగా విచ్చుకొన్న కంటిపాప వ్యాసం 7 మి.మీ. అనగా ఈ చిన్న లెన్సు కంటి కన్న 16 రెట్లు వెలుతురును లోపలికి తీసుకొంటుంది. కెమెరాతో పాటు వచ్చే 18–55 మి.మీ. జూమ్ లెన్సును 18 వద్ద ఉంచితే దాని ద్వారం 5 మి.మీ. మాత్రమే. చెట్టునూ కొండనూ కలిపి విశాలమైన పాలపుంతను తీయడానికి ఆ జూమ్ లెన్సు పనికివస్తుంది కాబట్టి దానిని పారవేయనక్కరలేదు. కాని కొత్తగా కొనవలసినది ఒకటే అయితే అది 50 మి.మీ. లెన్సే. పేరుపొందిన కంపెనీల లెన్సులలో అతి చవుక అయిన వాటిలో ఇది ఒకటి. ఓరియన్ అనే వేటగాని నక్షత్ర మండలం దీనిలో నిండుగా ఇముడుతుంది. పల్లెలలో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు, వాటి ప్రక్కనున్న రోహిణి కూడ ఒకే చిత్రంలో వస్తాయి. ద్వారాన్ని పూర్తిగా తెరిస్తే అంచులలోని చుక్కలు రెక్కలు మొలచినట్లు కనబడతాయి, ఎఫ్ 2.8 వరకు మూస్తే ఆ దోషం చాలవరకు పోతుంది.

కెమెరాను చివరగా ఆలోచించినా నష్టం లేదు. పదేళ్ళ కిందటి డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. అయినా సరే. సెకన్లను చేతితో నిర్ణయించే వీలు, కాంతిని మార్పు లేకుండా దాచే రా ఫైలు, తెర మీద ఒక చుక్కను పెద్దదిగా చేసి ఫోకసు సరిచూచుకొనే వీలు – ఈ మూడు ఉంటే చాలును. అదీ లేనిచోట, రాత్రి చిత్రాలు తీయగల సెల్ ఫోనును స్టాండుకు బిగించి ప్రారంభింపవచ్చును. స్టాండు విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. గాలికి వణికే స్టాండు మీద ఎంత విలువైన లెన్సైనా వ్యర్థమే. స్టాండు మధ్య రాళ్ళ సంచి వ్రేలాడదీసి, వ్రేలి అదురు తగలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టి తీయవలెను. టార్చిలైటుకు ఎర్ర కాగితం కట్టవలెను. ఏలనన చీకటికి కన్ను అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తెల్లని వెలుగు ఒక్కసారి పడితే ఆ అలవాటు క్షణంలో పోతుంది.

ఇట్లు తీసిన నాలుగు సెకన్ల చిత్రం పేలవంగా, గరుకుగా ఉంటుందన్నది నిజమే. కాని ఒకే చోటును 64 సార్లు తీసి కలిపితే, 64కు వర్గమూలం 8 కాబట్టి, ఆ గరుకుదనం ఎనిమిదవ వంతుకు తగ్గుతుంది. కలిపే పనికి సిరిల్, డీప్ స్కై స్టాకర్ వంటి ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతున్నాయి. డబ్బుతో కొనవలెనని తలచినదానిని ఓర్పుతో సంపాదించడం ఇక్కడ సాధ్యమవుతున్నది.

సాధనాల మీద మిగిల్చిన సొమ్మును ప్రయాణానికి వెచ్చింపవలెను. నగరపు దీపాల కింద గొప్ప కెమెరా తీసే చిత్రం కన్న, చీకటి పల్లెలో పాత కెమెరా తీసే చిత్రం మిన్న. అందుకై అడవులలోకి పోనవసరం లేదు. దీపాలకు దూరంగా, తెలిసినవారి పొలమో, పల్లె బడి ఆవరణమో దొరికితే చాలును. ఇక కాలం సంగతి. అమావాస్యకు దగ్గరి రాత్రులు తగినవి. వానకారు మబ్బుల దృష్ట్యా శీతకాలం, వేసవి మొదలు మేలు. మాఘ బహుళ చతుర్దశి నాటి శివరాత్రి ఇందుకు ఎంతో అనుకూలం. ఆనాడు చంద్రుడు తెల్లవారబోయే ముందు గాని ఉదయించడు. ఎలాగూ జాగరణ చేసే రాత్రి. తొలి జామున వేటగాడు నడినెత్తికి చేరువగా ఉంటాడు. వేకువ నాలుగు గంటలకు ఆగ్నేయ దిక్కున వృశ్చికం, ధనుస్సు, వాటి నడుమ పాలపుంత కేంద్రం పైకి వచ్చి ఉంటాయి. ఆ కేంద్రం ఎంత ఎత్తుకు వచ్చినా లండను ఆకాశంలో 10 డిగ్రీలకు మించదు. తెలుగునాట 45 డిగ్రీల వరకు లేస్తుంది. ఏ ధనమూ కొనలేని ఈ సౌలభ్యం ఇక్కడి పేద బడికి ఊరకే లభించినది.

చుక్కల వెంట కెమెరాను తిప్పే యంత్రం కొంటే ఇంకా మంచి చిత్రాలు వస్తాయి గదా అని కొందరు ఆక్షేపింపవచ్చును. వస్తాయి. అయితే దానిని కొనే ముందు తయారు చేసి చూడడం పాఠశాలకు తగిన పని. 1975లో స్కాట్లండుకు చెందిన జార్జ్ హేగ్ ప్రచురించిన ఉపాయం ప్రకారం రెండు చెక్కలు, ఒక తలుపు బందు, ఒక మర బోల్టు ఉంటే ఆ యంత్రం సిద్ధమవుతుంది. ఒక చుట్టుకు 1 మి.మీ. ముందుకు జరిగే బోల్టును బందుకు 228.5 మి.మీ. దూరంలో బిగించి, నిమిషానికి ఒక చుట్టు చేతితో త్రిప్పవలెను. 228.5 మి.మీ. వ్యాసార్ధం గల వృత్తపు చుట్టుకొలత 1436 మి.మీ.; 23 గంటల 56 నిమిషాలకు నిమిషాలు కూడ 1436. బందు ధ్రువనక్షత్రం వైపు చూస్తున్నంతవరకు, పై చెక్క మీది కెమెరా భూమి వేగంతోనే వెనుకకు తిరుగుతుంది. వృత్తపరిధి సూత్రం ఇంత కళ్ళకు కట్టినట్లు కనబడే చోటు గణిత పాఠంలో మరొకటి దొరకడం అరుదు. ఊరి వడ్రంగి చేయగల ఈ వస్తువును అంగడిలో కొంటే చిత్రం దక్కుతుంది గాని పాఠం దక్కదు.

పిల్లలు తీసిన చిత్రం, ఇంటర్‌నెట్‌లో వారు చూచిన రంగురంగుల చిత్రం వలె ఉండదన్నది మరొక ఆక్షేపణ. ఉండదు, ఆ సంగతి ముందుగానే చెప్పవలెను. హైడ్రోజన్ వాయువు వెలువరించే 656 నానోమీటర్ల ఎర్రని కాంతిని సాధారణ కెమెరాలోని ఫిల్టరు చాలవరకు అడ్డగిస్తుంది. అందుచేత వేటగాని ఒరలోని నెబ్యులా పాలిపోయిన గులాబి రంగులో వస్తుంది. అది లోపం కాదు, కెమెరా చెప్పిన నిజం. వేరొక రాత్రి తీసిన పాలపుంతను ఊరి గోపురం మీద అతికించి మెప్పు పొందడం కన్న ఈ పాలిపోయిన రంగే గౌరవనీయం. 1887లో పారిసులో తలపెట్టిన అంతర్జాతీయ నక్షత్ర పట నిర్మాణంలో హైదరాబాదు నిజామియా వేధశాల పాలుపంచుకొని, 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫుతో లక్షలాది నక్షత్రాల స్థానాలను నమోదు చేసినది. ఆ ఫలకాల విలువ వాటి అందంలో లేదు. ఏ రోజు, ఏ వేళ, ఆకాశంలో ఏ చోటు అన్న వివరం తప్పకుండా వ్రాసి ఉంచడంలో ఉన్నది. విద్యార్థి నోటుపుస్తకానికి కూడ అదే మర్యాద.

ఏ లెన్సూ కొనలేని బడికి సైతం ఒక ప్రయోగం మిగిలి ఉన్నది. కెమెరాను ఉత్తరానికి త్రిప్పి, 30 సెకన్ల చిత్రాలను ఎడతెగకుండా 120 తీసి కలిపితే, ఒక గంటలో చుక్కలు గీసిన చాపాలు కనబడతాయి. కోణమానినితో కొలిస్తే ప్రతి చాపమూ కేంద్రం వద్ద 15 డిగ్రీలే చూపుతుంది. ఆ కేంద్రం దిగంతం నుంచి ఎంత ఎత్తున ఉన్నదో అదే ఆ ఊరి అక్షాంశం, తిరుపతిలో 13.6, విశాఖపట్నంలో 17.7 డిగ్రీలు. చుక్క గీతగా మారడం దోషమని పైన అనుకొన్నదే ఇక్కడ భూభ్రమణానికి రుజువు అవుతున్నది.

ఒక మండలంలోని పాఠశాలలు కలిసి ఇట్టి సంచి ఒక్కటి సమకూర్చుకొని, గ్రంథాలయ పుస్తకం వలె వంతులవారీగా వాడుకొంటే ఏ ఒక్క బడికీ భారం ఉండదు. పిల్లలు ఆ సంచి మోసుకొని, పెద్దల తోడుతో, అమావాస్య నాడు ఒక పొలానికి నడచిపోగలిగితే చాలును. తక్కిన సాధనసంపత్తి అంతా వారి తలల మీదనే పరచుకొని ఉన్నది.