సగం చదివిన అధ్యాయం

పాఠం సగం చెప్పి ఆపితే పంతుల్ని ఎవరూ ఊరుకోరు. రోమా పత్రిక 13వ అధ్యాయం సగమే చెప్పే అయ్యగార్లని మాత్రం తరాలుగా ఊరుకున్నాం. మొదటి ఏడు వచనాలు చదివి అధికారులకి లోబడమంటారు. పొరుగువాడికి కీడు తలపెట్టని ప్రేమ గురించి చెప్పే పదో వచనం దాకా రారు. అధికారి దేవుడి పరిచారకుడయ్యేది మనకి మేలు చెయ్యడానికేనని నాలుగో వచనంలోనే ఉంది కదా!

1985లో కారంచేడు మాదిగలు చీరాల చర్చి ఆవరణకి పరుగెత్తినప్పుడు ఆ పరిచారకులేరీ? 1991లో పోలీసులుండగానే చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికారు. కింది కోర్టు శిక్షేసినోళ్లందర్నీ 2014లో హైకోర్టు వదిలేసింది. ఊరి పక్కనే మా పేట. మేమెన్నడు పొరుగువాళ్లమయ్యాం?

అయ్యగారూ, అధ్యాయం పూర్తిగా చదవండి. చంపబడ్డ పొరుగువాడి కోసం పోలీస్ స్టేషన్ ముందు కూచోడం తిరుగుబాటు కాదు, ప్రేమ.