గట్టి ఒళ్లు అనే పొగడ్త

"మీ వాళ్ల ఒళ్లు గట్టిదమ్మా, నెల తిరక్కుండా లేచి తిరిగేస్తారు." చంటిదాన్ని చూడ్డానికొచ్చిన వాళ్లు మెచ్చుకోలుగానే అంటున్నారీ మాట.

మా అమ్మమ్మ కాన్పయిన పన్నెండో రోజున నాట్లకి వెళ్లింది. గట్టు మీద తుమ్మచెట్టుకి చీర ఉయ్యాల. ఒంట్లో బలముండి వెళ్లలేదు, కూలి గింజలు రాకపోతే పొయ్యి వెలగదని వెళ్లింది. ఆ తర్వాత ఆమె నడుము ఎప్పుడూ నిటారుగా నిలవలేదు. దాన్ని బలమని మెచ్చుకున్నది పొలం ఉన్నవాళ్లే.

నా సంగతీ అంతే. నెలన్నర చంటిది రాత్రంతా రెండు గంటలకోసారి పాలకి లేస్తుంది. పక్క తడపడం ఎప్పుడో మానేసిన నాలుగేళ్ల పెద్దాడు మళ్లీ తడుపుతున్నాడు. అన్నం నోట్లో పెట్టమంటాడు, చెల్లిని ఒళ్లోంచి దించమంటాడు. అది మొండితనం కాదు, తన చోటు ఇంకా ఉందో లేదో చూసుకుంటున్నాడు. ఎవరైనా తీరిగ్గా వాడి పక్కన కూర్చోవాలి. నేనేమో అప్పుడే క్లాసులకి వెళ్తున్నాను. గెస్ట్ లెక్చరర్‌ని, పీరియడ్ చెబితేనే డబ్బు. పీహెచ్‌డీ ఉన్నా కూలికీ దీనికీ తేడా నీడపట్టున ఉండటమే.

1928లోనే బొంబాయి శాసన మండలిలో ప్రసూతి బిల్లుని సమర్థిస్తూ బాబాసాహెబ్ మాట్లాడారు. 2017 సవరణ తర్వాత చట్టంలో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవుంది. 50 మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలి. సెలవడిగితే నాకొచ్చిన జవాబు: "గెస్టులకి సెలవేంటమ్మా?"

మిత్రులారా, సభల్లో మన తల్లుల కష్టాన్ని బాగానే పాడతాం. ఈసారి డిమాండ్ల కాగితంలో ప్రసూతి సెలవూ పిల్లల గదీ మొదటి వరసలో రాయండి. మీటింగులు రాత్రి ఎనిమిదికి పెట్టకండి. ఆ టైముకి మా ఇంట్లో ఇద్దరూ ఏడుస్తుంటారు.